బొమ్మ నుంచి బ్యాంకు దాకా: అమెజాన్ నరికివేతను బ్రెజిల్ తగ్గించిన తీరుపై ఒక కేస్ స్టడీ

అడవుల కార్బన్ లెక్కలు తనిఖీ చేయడం నా పని. ఒక దేశమో, రాష్ట్రమో, ప్రైవేటు ప్రాజెక్టో "మేం ఇంత అడవిని నరక్కుండా ఆపాం, అందువల్ల ఇన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవలేదు" అని కాగితం పెడుతుంది. ఆ కాగితం వెనక ఉన్న ఉపగ్రహ చిత్రాలు, నేల మీద తీసిన కొలతలు, లెక్క కట్టిన పద్ధతి అన్నీ విప్పి చూసి, నమ్మొచ్చో లేదో చెప్పాలి. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ట్రైనింగ్ ఇవ్వాల్సి వస్తే నేను ఎప్పుడూ ఒకే కేసుతో మొదలుపెడతాను. అది బ్రెజిల్ అమెజాన్, 2004 నుంచి ఇప్పటిదాకా.

కారణం ఉంది. ఉష్ణమండల అడవుల నరికివేత తగ్గించడం గురించి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది డబ్బు దగ్గర మొదలుపెడతారు. ధనిక దేశాలు ఎంత ఇవ్వాలి, టన్నుకు ఎన్ని డాలర్లు, కార్బన్ క్రెడిట్లు (తగ్గించిన కాలుష్యానికి బదులుగా అమ్మే పత్రాలు) ఎవరు కొనాలి అని. బ్రెజిల్ కథ దగ్గరగా చూస్తే డబ్బు ఆలస్యంగా వచ్చింది. అంతకుముందే అడవి నిలబడటం మొదలైంది. ఆ ముందు జరిగిందేమిటో తెలియకపోతే తర్వాత వచ్చిన డబ్బు ఎందుకు పనిచేసిందో, మధ్యలో ఎందుకు ఆగిపోయిందో అర్థం కాదు.

2004 నాటి పరిస్థితి

బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ ఇన్పే 1988 నుంచి ఏటా అమెజాన్‌లో ఎంత అడవి పోయిందో కొలుస్తోంది. ఆ కార్యక్రమం పేరు ప్రోడెస్. దాని లెక్కలో ఏడాది అంటే ఆగస్టు నుంచి మరుసటి జులై దాకా. 2004 ఏడాదికి వచ్చిన అంకె 27,772 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా మొత్తం 19 వేల పైచిలుకు. అంటే ఒక్క ఏడాదిలో దాదాపు ఒకటిన్నర అనంతపురం జిల్లాల అడవి నేలకొరిగింది.

నరికింది ఎవరు అన్నది ముఖ్యం. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పోడు చేసుకునే కుటుంబం చేతిలో రెండు మూడెకరాలు ఉంటాయి. అక్కడ ఒక్కో పశువుల కామందు వందల హెక్టార్లు ఒకే వేసవిలో నరికించి, ఎండబెట్టి, నిప్పుపెట్టి, గడ్డి విత్తనం చల్లిస్తాడు. ఈ రెండింటికీ "అడవి నరికివేత" అని ఒకే మాట వాడటం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. అమెజాన్‌లో చిన్న రైతులూ ఉన్నారు, ప్రభుత్వం తెచ్చి కూర్చోబెట్టిన కాలనీల వాళ్లూ ఉన్నారు, వాళ్ల వాటా తీసిపారేయదగ్గది కాదు. కానీ 2000 తొలి ఏళ్లలో అంకెను అంత ఎత్తుకు లేపింది పెద్ద గడ్డిమైదానాలు, వాటి వెనకే వచ్చిన సోయా, అన్నిటికంటే ముందు భూమి కబ్జా.

కబ్జాకు అక్కడ ఒక మాట ఉంది, గ్రిలాజెం. పోర్చుగీసులో గ్రిలో అంటే కీచురాయి. దొంగ పట్టా రాయించి, దాన్ని కీచురాళ్లున్న పెట్టెలో పడేస్తే అవి కొరికి, మురికి చేసి కాగితాన్ని పసుపుపచ్చగా, పాతదానిలా చేస్తాయట. పేరు అలా వచ్చిందంటారు. పద్ధతి మనకు కొత్తేం కాదు. ఎవరికీ కేటాయించని ప్రభుత్వ అడవిలోకి రోడ్డు వేస్తారు, విలువైన కలప తీస్తారు, మిగతాది తగలబెట్టి పశువులను తోలుతారు. నేల తనదేనని చూపించుకోవడానికి పశువులే సాక్ష్యం. నాలుగేళ్ల తర్వాత ఏదో ఒక చట్టం వచ్చి క్రమబద్ధీకరిస్తుందన్న నమ్మకం. ఉపగ్రహ చిత్రంలో పెద్ద రోడ్డుకు రెండువైపులా పక్కదారులు చీలి, వాటి వెంట అడవి పోయి, అచ్చం చేపముల్లులా కనిపిస్తుంది.

నాలుగు పిక్సెళ్లు

2004కు ముందు కొలత ఉంది, కానీ అది చావు లెక్క. ప్రోడెస్ అంకె వచ్చేసరికి చెట్లు పడిపోయి, కాలిపోయి, గడ్డి మొలిచి ఉండేది. ఇబామా అనే కేంద్ర పర్యావరణ అమలు సంస్థ ఎక్కువగా ఎవరైనా ఫిర్యాదు చేస్తే వెళ్లేది. అంత పెద్ద అడవిలో ఫిర్యాదు చేసేవాళ్లెవరు?

2004లో ఇన్పే డెటెర్ అనే రెండో వ్యవస్థను మొదలుపెట్టింది. ఇది ఏడాదికోసారి కచ్చితంగా కొలవడానికి కాదు, నరుకుతుండగానే చెప్పడానికి. మోడిస్ అనే సెన్సర్ బొమ్మలు వాడారు. అందులో ఒక్కో పిక్సెల్ 250 మీటర్లు, అంటే ఆరుంపావు హెక్టార్లు. 25 హెక్టార్లు, మన లెక్కలో 60 ఎకరాలు దాటితే గానీ డెటెర్ కంటికి ఆనదు. అంటే తెర మీద నాలుగే నాలుగు పిక్సెళ్లు. ట్రైనింగ్‌లో నేను ఆ నాలుగు చుక్కల్ని పెద్దవి చేసి చూపిస్తాను. ముదురాకుపచ్చలో గులాబీ రంగు చతురస్రాలు, అంచులు మెట్లుమెట్లుగా. ఇంత మొరటు బొమ్మతో ఏం చేస్తారని అడుగుతారు. ఈ మొరటు బొమ్మే ఆ దేశం అడవిని కాపాడే పద్ధతిని మార్చింది. పదిహేను రోజులకోసారి వచ్చే ఆ చుక్కల జాబితా పట్టుకుని ఇబామా బృందాలు హెలికాప్టర్‌లో దిగేవి. చెట్టు పడుతుండగా దిగితే కేసు నిలబడుతుంది, ట్రాక్టరు దొరుకుతుంది, మనిషి దొరుకుతాడు.

నరికేవాళ్లు ఊరుకోలేదు. డెటెర్ చూపు 25 హెక్టార్ల దగ్గర మొదలవుతుందని తెలిశాక నరికివేత ముక్కలు చిన్నవయ్యాయి. ఇక్కడో పది హెక్టార్లు, అక్కడో పదిహేను. దానికి జవాబుగా 2015లో డెటెర్ కొత్త రూపం వచ్చింది. అందులో వాడిన బొమ్మల్లో మన రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహంలోని ఏవిఫ్స్ సెన్సర్‌వి కూడా ఉన్నాయి, 56 మీటర్ల పిక్సెల్‌తో. ఆ ఉపగ్రహం 2011 ఏప్రిల్‌లో శ్రీహరికోట నుంచే వెళ్లింది. నేను ఉద్యోగం మొదలుపెట్టిన రోజుల్లో హైదరాబాద్‌లో కూర్చుని ఇదే ఏవిఫ్స్ బొమ్మల మీద తూర్పు కనుమల అడవి అంచులు గీసేవాణ్ని. అదే సెన్సర్ అటువైపు భూగోళంలో ఒక గొడ్డలిని పట్టిస్తోందని తెలిసిన రోజు చాలా సంతోషపడ్డాను. బ్రెజిల్ పూర్తిగా సొంతంగా తయారుచేసుకున్న తొలి భూపరిశీలన ఉపగ్రహం అమెజోనియా-1 కూడా 2021 ఫిబ్రవరి 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ51 మీదే ఎగిరింది. ఆ ఉదయం టీవీలో చూసిన మనవాళ్లలో చాలామందికి అది ఏ పని మీద వెళ్తోందో తెలిసి ఉండదు.

ఇన్పే చేసిన ఇంకో పనిని నేను డెటెర్ కంటే ఎక్కువగా గౌరవిస్తాను. డేటాను అందరికీ ఇచ్చేసింది. పత్రికలు, విశ్వవిద్యాలయాలు, బయటి దేశాలు, ఎవరైనా దించుకుని సరిచూసుకోవచ్చు. లెక్క చేతులు మారాక దాన్ని దాచడం కష్టం. దీని విలువ 2019లో తెలిసింది, అక్కడికి వస్తాను.

ఎవరి కుర్చీ

2004 మార్చిలో అధ్యక్షుడు లూలా ప్రభుత్వం అమెజాన్ నరికివేత నివారణ, నియంత్రణ ప్రణాళికను ప్రకటించింది. పోర్చుగీసు పొడి అక్షరాల్లో పీపీసీడీఏఎం. దీన్ని నడిపించిన పర్యావరణ మంత్రి మరీనా సిల్వా. ఆక్రే రాష్ట్రంలో రబ్బరు పాలు గీసే కుటుంబంలో పుట్టి, పదహారేళ్ల వయసులో అక్షరాలు నేర్చుకున్న మనిషి. 1988లో హత్యకు గురైన రబ్బరు కార్మికుల నాయకుడు చికో మెండెస్‌తో కలిసి పనిచేసింది. అడవి అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. కానీ ఆమె చేసిన తెలివైన పని వేరు. ఈ ప్రణాళిక తన శాఖలో పెట్టుకోలేదు. 13 మంత్రిత్వ శాఖలు కలిసి చేయాలి, అధ్యక్షుడి కార్యాలయంలోని కాజా సివిల్ సమన్వయం చేయాలి అని పట్టుబట్టింది.

ప్రభుత్వాఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో తెలుసు. పర్యావరణ శాఖ పిలిస్తే వ్యవసాయ శాఖ నుంచి ఏ అండర్ సెక్రటరీనో వచ్చి కూర్చుని నోట్స్ రాసుకుని వెళ్తాడు. అధ్యక్షుడి ఆఫీసు పిలిస్తే మంత్రే వస్తాడు. రోడ్లు వేసేది ఒక శాఖ, భూమి పట్టాలిచ్చేది ఇంకో శాఖ, రైతు రుణాలు మరొకరివి, పోలీసులు ఇంకొకరి చేతిలో. అడవి ఈ అందరి ఫైళ్ల మధ్య పోతుంది. 2013లో ఈ సమన్వయాన్ని కాజా సివిల్ నుంచి తీసి పర్యావరణ శాఖకు అప్పగించారు. అప్పటికే అంకె అడుగున ఉంది కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత అంకె మెల్లగా ఎక్కడం మొదలైంది. ఒక్క కుర్చీ మారడమే కారణమని అననుగానీ, 2023లో లూలా ప్రభుత్వం తిరిగి వచ్చినప్పుడు మొదట సరిచేసినవాటిలో ఇదొకటి.

2005 ఫిబ్రవరిలో పారా రాష్ట్రంలోని అనాపులో, భూమిలేని రైతుల తరఫున నిలబడిన సన్యాసిని డొరొతీ స్టాంగ్‌ను కాల్చి చంపారు. అప్పటికి ఆమె వయసు 73. ఆ హత్య తర్వాత ప్రభుత్వం వేగంగా కదిలి, కబ్జా జరుగుతున్న సరిహద్దుల్లోనే కొత్త రక్షిత ప్రాంతాలను ప్రకటించింది. ఎక్కడో మారుమూల, ఎవరూ పోని చోట పార్కు గీస్తే కాగితం మీద బాగుంటుంది. వీళ్లు రోడ్డుకు అడ్డంగా గీశారు. ఎవరికీ కేటాయించని భూమి "ఎవరిదీ కాని భూమి"గా ఉన్నంతకాలమే కబ్జాదారుకు ఆశ ఉంటుంది.

బ్యాంకు కౌంటరు దగ్గర

నా దృష్టిలో ఈ కేసులో అసలు మలుపు 2008. డిసెంబరు 2007లో ఒక డిక్రీ వచ్చింది, దాన్నిబట్టి జనవరిలో ఎక్కువగా నరుకుతున్న 36 మునిసిపాలిటీల జాబితా ప్రకటించారు. బ్రెజిల్‌లో మునిసిపాలిటీ అంటే పట్నం ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న పల్లెలు, పొలాలు, అడవి అన్నీ కలిపి. కొన్ని మన జిల్లాలకంటే పెద్దవి. జాబితాలో పడిన చోట నరకడానికి అనుమతులు, రుణాలు, పొలాల తనిఖీ అన్నీ బిగుసుకున్నాయి.

ఆ వెంటనే ఫిబ్రవరిలో బ్రెజిల్ కేంద్ర బ్యాంకు 3545 నంబరు తీర్మానం జారీ చేసింది. అమెజాన్ ప్రాంతంలో వ్యవసాయ రుణం కావాలంటే భూమి కాగితం, పర్యావరణ నిబంధనలు పాటిస్తున్నట్టు రుజువు చూపాలి. ఇబామా నిషేధం పెట్టిన పొలానికి రుణం రాదు. చిన్న రైతులకు సడలింపులు ఇచ్చారు.

మన దగ్గర పంట రుణానికి పోతే 1-బి, అడంగల్ తెమ్మంటారు కదా, అక్కడ వాటితోపాటు అడవి కాగితం కూడా తెమ్మన్నారు, అంతే. కానీ దాని దెబ్బ చూడండి. జరిమానా వేస్తే కోర్టుకెళ్లి ఏళ్లకేళ్లు సాగదీస్తారు. ఇబామా వేసిన జరిమానాల్లో వసూలైనది చాలా కొద్ది. బ్యాంకు మేనేజరు "రాదు" అంటే అప్పీలు లేదు. ఆ సీజనుకు పశువులు కొనలేవు. ఈ తీర్మానం ప్రభావం మీద తర్వాత బ్రెజిల్ ఆర్థికవేత్తలు చేసిన పరిశోధనలో, 2008 నుంచి 2011 మధ్య సుమారు 2,700 చదరపు కిలోమీటర్ల నరికివేత ఆగిందని, ప్రభావం ఎక్కువగా పశువుల రుణాల దగ్గరే కనిపించిందని తేలింది. ఒక గజం కంచె వేయకుండా, ఒక తుపాకీ ఎత్తకుండా.

అదే కాలంలో కొనేవాళ్ల వైపు నుంచి కూడా బిగిసింది. గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ ఒత్తిడి తర్వాత 2006 జులైలో సోయా వ్యాపార సంస్థలు, కొత్తగా నరికిన అమెజాన్ భూమిలో పండిన సోయా కొనబోమని మారటోరియం ప్రకటించాయి. అంతకుముందు అక్కడ సోయా విస్తరణలో దాదాపు 30 శాతం నేరుగా అడవి నరికి చేసినదే. 2014 నాటికి అది ఒక శాతానికి వచ్చింది. 2009లో పారా రాష్ట్రంలో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు మాంసం కంపెనీల మీద పడ్డారు. నిషేధంలో ఉన్న పొలాల నుంచి పశువులు కొనబోమని ఒప్పంద పత్రాల మీద సంతకాలు పెట్టించారు.

సోయా, మాంసం ధరలు పడిపోవడం వల్లే నరికివేత తగ్గిందని వాదించేవాళ్లున్నారు. 2005, 2006లో ధరలు పడిన మాట నిజం, దాని పాత్ర నిజం. కానీ 2007 చివరికి ధరలు మళ్లీ లేచాయి. 2008లో నరికివేత 12,911 చదరపు కిలోమీటర్లకు కొంచెం పెరిగింది, మరుసటి ఏడాది 7,464కి పడిపోయింది. ధరలొక్కటే నడిపిస్తే అంకె అటు పోకూడదు. 2012 నాటికి 4,571. అంటే ఎనిమిదేళ్లలో 80 శాతానికి పైగా తగ్గుదల. ఉష్ణమండలంలో ఏ పెద్ద దేశమూ అంతకుముందు ఇంత తగ్గించలేదు.

పరగోమినాస్

పై నుంచి చూస్తే అంతా నిబంధనలు, తీర్మానాలు. కింద ఒక ఊళ్లో ఇది ఎలా దిగిందో చూడాలంటే పారా రాష్ట్రంలోని పరగోమినాస్ చూడాలి. విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్లకు పైనే, అదే మన ఉమ్మడి అనంతపురం అంత. ఒకప్పుడు వందల రంపపు మిల్లులున్న ఊరు. తుపాకీ కాల్పులకు పేరుపడి జనం పరగోబాలా అని పిలిచేవారు, బాలా అంటే తూటా.

2008 జాబితాలో ఈ ఊరి పేరు పడింది. రుణాలు ఆగాయి, మిల్లులు మూతపడ్డాయి, కూలీలకు పని లేదు. అప్పటి మేయర్ ఊళ్లోని సంఘాలన్నిటినీ కూర్చోబెట్టి నరికివేత ఆపుదామని ఒప్పందం చేయించాడు. ఆ ఏడాది నవంబరులో ఇబామా బృందం కలప లారీలు పట్టుకుంటే, జనం గుంపు ఇబామా ఆఫీసు మీద పడి తగలబెట్టింది. ఇక్కడితో ఒప్పందం చిరిగిపోవాలి. కానీ మేయర్ మళ్లీ సంఘాల నాయకులను పిలిచి, దాడిని ఖండిస్తూ, నరికివేత ఆపుతామంటూ బహిరంగంగా మాట ఇప్పించాడు.

ఆ తర్వాత జరిగింది చాలా విసుగు పుట్టించే పని. జాబితా నుంచి బయటపడాలంటే రెండు షరతులు. మునిసిపాలిటీలోని ప్రైవేటు పొలాల విస్తీర్ణంలో కనీసం 80 శాతం గ్రామీణ పర్యావరణ రిజిస్టరులో చేరాలి, ఏడాది నరికివేత 40 చదరపు కిలోమీటర్ల లోపుండాలి. రిజిస్టరు అంటే ప్రతి రైతూ తన పొలం హద్దులు ఉపగ్రహ పటం మీద గీయించి, అందులో ఎంత అడవి ఉందో, వాగు ఎక్కడుందో చూపాలి. జీపీఎస్ పట్టుకుని పొలం పొలం తిరగాలి. హద్దు తగాదాలు తీర్చాలి. "ఇది గీయించుకుంటే రేపు నామీదే కేసు పెడతారు" అనే రైతును ఒప్పించాలి. స్వచ్ఛంద సంస్థలు సాయం చేశాయి. ఇమజాన్ అనే పరిశోధనా సంస్థ నెలనెలా ఎక్కడ అడవి తెగిందో పటం పంపేది. మునిసిపాలిటీ మనుషులు ఆ చోటుకు వెళ్లి చూసొచ్చేవారు.

తేడా ఎక్కడంటే, పటంలో చుక్క పడగానే ఇప్పుడది ఎవరి పొలంలో పడిందో తెలుస్తుంది. పేరు లేని చుక్క వార్త మాత్రమే. పేరున్న చుక్కను పట్టుకుని బ్యాంకు రుణం ఆపుతుంది, కబేళా పశువును వెనక్కి పంపుతుంది. 2010లో పరగోమినాస్ జాబితా నుంచి బయటపడింది, అలా బయటపడిన మొదటి మునిసిపాలిటీ అదే. మరుసటి ఏడాది పారా రాష్ట్రం దీన్నే నమూనాగా తీసుకుని పచ్చని మునిసిపాలిటీల కార్యక్రమం పెట్టింది. అలాగని అక్కడ అంతా బాగైపోలేదు. నిలబడిన అడవి లోపలికి పోయి కలప తీయడం, నిప్పు పాకడం ఆగలేదు. ఆ విషయం చివర్లో మళ్లీ చెప్తాను.

వంద కోట్ల డాలర్ల లెక్క

ఇప్పుడు డబ్బు. అమెజాన్ ఫండ్ 2008 ఆగస్టులో డిక్రీతో ఏర్పడింది. నిర్వహణ ప్రభుత్వ అభివృద్ధి బ్యాంకు బీఎన్‌డీఈఎస్‌ది. నార్వే వంద కోట్ల డాలర్ల దాకా ఇస్తానంది. తర్వాత జర్మనీ, కొద్దిగా బ్రెజిల్ చమురు కంపెనీ పెట్రోబ్రాస్ కలిశాయి. 2018 దాకా వచ్చిన మొత్తంలో తొంభై శాతానికి పైగా నార్వేదే.

ఫండ్ ఎంత డబ్బు అడగొచ్చో ట్రైనింగ్‌లో నేను బోర్డు మీద లెక్క వేయిస్తాను, కాలిక్యులేటర్ లేకుండా. 1996 నుంచి 2005 వరకు పదేళ్ల సగటు నరికివేత సుమారు 19,600 చదరపు కిలోమీటర్లు. 2006లో జరిగినది సుమారు 14,200. తేడా 5,400, అంటే 5.4 లక్షల హెక్టార్లు. హెక్టారు అడవిలో 100 టన్నుల కార్బన్ ఉంటుందని అనుకున్నారు. కావాలనే తక్కువగా పెట్టిన అంకె అది, తర్వాత 132.2కి సవరించారు. 5.4 కోట్ల టన్నుల కార్బన్ వచ్చింది. కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి 3.67తో హెచ్చించండి, దాదాపు 20 కోట్ల టన్నులు. టన్నుకు 5 డాలర్లు. ఒక్క ఏడాది ఫలితానికే దాదాపు వంద కోట్ల డాలర్లు అడిగే అర్హత.

ఇంత చిన్న లెక్కా అని కొత్తవాళ్లు నిరాశపడతారు. నాకు ఈ లెక్కలో నచ్చేదే అది. నాలుగు అంకెలు, నాలుగూ అందరికీ అందుబాటులో ఉన్నవి. స్కూలు పిల్లాడు సరిచూడగలడు. నేను తనిఖీ చేసిన కొన్ని ప్రైవేటు ప్రాజెక్టుల పత్రాలు మూడొందల పేజీలు దాటి, "మేం లేకపోతే ఎంత అడవి పోయేది" అనే ఒక్క ఊహ మీద నిలబడి ఉండేవి. ఒకచోట ప్రాజెక్టు హద్దు లోపల అడవి ముట్టనట్టు ఉంది. హద్దు గుర్తు రాయి దాటి వాగు అవతలికి నడిస్తే కొత్తగా కోసిన మొద్దులు, రంపపు పొట్టు ఇంకా తడిగా, వాసన వస్తూ. ఇవతల కోసేవాళ్లే అవతలికి మారారు. పత్రంలో మాత్రం పక్కకు జరిగిన నష్టం సున్నా. ఆ రోజు నుంచి ఒక కొండకో, ఒక తోటకో కాకుండా మొత్తం రాష్ట్రానికో, దేశానికో లెక్క కట్టాలనే వైపు నేను గట్టిగా నిలబడ్డాను. వాగు అవతల కూడా లెక్కలోకి రావాలి.

సగటును అయిదేళ్లకోసారి ముందుకు జరుపుతారు. 2001 నుంచి 2010కి సుమారు 16,500. 2006 నుంచి 2015కి సుమారు 8,140. పాత పాపం చూపించి ఎల్లకాలం డబ్బు అడగడానికి వీల్లేదు. తగ్గించిన కొద్దీ గీత కిందికి వస్తుంది.

ఫండ్ నడిచే తీరులో ఇంకో మంచి సంగతి ఉంది. ఇచ్చిన దేశానికి కార్బన్ క్రెడిట్ రాదు, ఇంకొకరికి బదిలీ చేయలేని ధ్రువపత్రం వస్తుంది, అంతే. నార్వే దాన్ని చూపించి తన కాలుష్యాన్ని కొట్టేసుకోలేదు. డబ్బు ఎక్కడ ఖర్చవ్వాలో నిర్ణయించే కోఫా అనే కమిటీలో దాతకు కుర్చీ లేదు. కేంద్రం, అమెజాన్ రాష్ట్రాలు, పౌర సమాజం, ఈ మూడు వర్గాలు ఏకాభిప్రాయానికి రావాలి. తమ అడవి మీద పరాయి పెత్తనం వస్తుందన్న అనుమానం బ్రెజిల్‌లో బలంగా ఉంటుంది, కాబట్టి ఇలా కట్టకపోతే ఫండ్ పుట్టేదే కాదు.

ఆలస్యాలూ ఉన్నాయి. మొదటి ప్రాజెక్టులు ఆమోదం పొందింది 2009 చివర్లో. బ్యాంకు కాగితాలు నింపే శక్తి ఉన్న సంస్థలకే డబ్బు అందుతోందని, ఆదివాసీ సంఘాలకు చేరడం కష్టమని వచ్చిన విమర్శ న్యాయమైనదే. మరోపక్క ప్రభుత్వ బడ్జెట్ కోసినప్పుడు ఇబామా హెలికాప్టర్ల అద్దె, జీపుల అద్దె ఈ ఫండే కట్టింది. అడవి కాపాడే రోజువారీ ఖర్చు అంటే అదే.

2019

2019 జనవరిలో బోల్సొనారో అధ్యక్షుడయ్యాడు. ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వ సలహా కమిటీలను పెద్ద ఎత్తున రద్దుచేస్తూ ఒక డిక్రీ వచ్చింది. కోఫా అందులో పోయింది, కార్బన్ లెక్కను ధ్రువీకరించే సాంకేతిక కమిటీ కూడా పోయింది. కమిటీ లేకపోతే కొత్త ప్రాజెక్టుకు ఆమోదం ఇచ్చేవాళ్లు లేరు. ఆగస్టులో నార్వే, జర్మనీ డబ్బు ఆపేశాయి. బ్యాంకులో వందల కోట్ల రియాల్‌లు (బ్రెజిల్ కరెన్సీ) ఉన్నాయి, వాటిని కదపగల సంతకం లేదు. ఆ ఏడాది ఈ పరిణామాలు చూస్తూ మాలో చాలామందిమి చాలా టెన్షన్ పడ్డాం. పదేళ్లుగా మేం చూపిస్తున్న నమూనా కళ్లముందే విప్పేస్తున్నారు.

డెటెర్ అంకెలు పెరుగుతుంటే అధ్యక్షుడు అవి అబద్ధాలన్నాడు. ఇన్పే డైరెక్టర్ రికార్డో గాల్వావ్ బహిరంగంగా అంకెలను సమర్థించాడు. ఆగస్టులో ఆయన్ను తొలగించారు. కానీ బొమ్మలు, పటాలు అప్పటికే అందరి దగ్గరా ఉన్నాయి. డైరెక్టర్ను మార్చగలిగారు గానీ అంకెను మార్చలేకపోయారు. ఆ ఏడాది ప్రోడెస్ లెక్క 10,129, 2021లో 13,038. పాత సగటు గీత 8,140 కంటే పైన, అంటే ఫండ్ బతికున్నా కొత్తగా అడగడానికి ఏమీ ఉండేది కాదు.

విడిపించింది కోర్టు. 2022 నవంబరులో బ్రెజిల్ సుప్రీంకోర్టు, ఫండ్‌ను స్తంభింపజేయడం రాజ్యాంగ బాధ్యతను వదిలేయడమేనని, 60 రోజుల్లో తిరిగి నడపాలని తీర్పు చెప్పింది. 2023 జనవరి 1న, ప్రమాణం చేసిన రోజే లూలా ఫండ్‌నూ, పాత ప్రణాళికనూ పునరుద్ధరిస్తూ డిక్రీలు సంతకం చేశాడు. సమన్వయం మళ్లీ కాజా సివిల్‌కు వెళ్లింది. మరీనా సిల్వా మళ్లీ మంత్రి అయ్యింది. 2024లో అంకె 6,288కి, 2025లో 5,796కి దిగింది.

ఇక్కడ నేను ట్రైనింగ్‌లో గట్టిగా చెప్పేది ఒకటుంది. 2019లో ఏ ఉపగ్రహమూ కూలలేదు, అటవీ చట్టంలోని మూల నిబంధనలూ మారలేదు. అటవీ చట్టం ప్రకారం అమెజాన్ అడవి ప్రాంతంలోని పొలంలో 80 శాతం అడవి ఉంచాలన్న నిబంధన అలాగే ఉంది. తెగినవి ముడులు. చుక్క నుంచి జీపుకు, జీపు నుంచి నిషేధానికి, నిషేధం నుంచి బ్యాంకుకు ఉన్న దారం మధ్యలో తెంచారు. డిక్రీతో పుట్టిన కమిటీ డిక్రీతోనే పోతుంది. అందుకే కొత్త దేశం ఏదైనా ఇలాంటి ఫండ్ కడుతుంటే నా మొదటి ప్రశ్న టన్ను ధర గురించి ఉండదు. "ఈ కమిటీ ఏ చట్టంలో ఉంది? దీన్ని ఎవరు, ఎంత సులువుగా రద్దు చేయగలరు?" అని అడుగుతాను.

ఇంకా తెగని చిక్కులు

పశువు దొడ్డిదారిన వస్తోంది. నిషేధం ఉన్న పొలంలో పుట్టిన దూడను కొన్నాళ్లకు శుభ్రమైన కాగితాలున్న పొలానికి తోలి, అక్కడి నుంచి కబేళాకు పంపుతారు. కబేళా తన ముందున్న పొలం కాగితాలే చూస్తుంది. దూడ ఎక్కడ పుట్టిందో చూపించే రవాణా పత్రాలు ఉన్నాయి, బయటివాళ్లకు చూపించరు. 2023 చివర్లో పారా రాష్ట్రం ప్రతి పశువుకూ చెవికి ట్యాగు వేయాలని నిర్ణయించింది. ఇది నిజంగా జరిగితే నాకు ఫండ్ కంటే దీనిమీదే ఆశ ఎక్కువ.

రిజిస్టరునూ కబ్జాదారు వాడుకున్నాడు. అందులో వివరాలు ఎవరికివారే ప్రకటించుకోవాలి. ఎవరికీ కేటాయించని ప్రభుత్వ అడవిలో, ఆదివాసీ భూముల్లో కూడా హద్దులు గీసి "నాది" అని నమోదు చేసుకున్నవాళ్లున్నారు. కీచురాయి పెట్టె పని ఇప్పుడు కంప్యూటర్ చేస్తోంది. పరగోమినాస్‌ను గట్టెక్కించిన పరికరమే ఇంకోచోట దొంగ పట్టా అయింది. తేడా పరికరంలో లేదు, గీసిన హద్దును ఎవరైనా వెళ్లి చూశారా లేదా అన్నదాంట్లో ఉంది.

అమెజాన్ పక్కనే సెరాడో అనే విశాలమైన సవన్నా ఉంది. అక్కడ మారటోరియం లేదు, పొలంలో ఉంచాల్సిన అడవి శాతమూ తక్కువ. 2023లో అక్కడ 11 వేల చదరపు కిలోమీటర్లు పోయింది, అమెజాన్‌లో పోయిన 9 వేల కంటే ఎక్కువ. నేను చూసిన వాగు అవతలి మొద్దులే, దేశం కొలతలో.

చివరిది నిప్పు. ప్రోడెస్ పూర్తిగా తెగిన అడవినే లెక్కపెడుతుంది. 2024లో తీవ్రమైన కరువు వచ్చింది. పచ్చిగా ఉండి ఎప్పుడూ అంటుకోని అడవి లోపలికి కూడా మంట పాకింది. ఆ ఏడాది బ్రెజిల్ మొత్తం మీద కాలిన నేల మూడు కోట్ల హెక్టార్ల మేర ఉందని, అందులో సగానికి పైగా అమెజాన్‌లోనేనని, ఉపగ్రహ చిత్రాలతో నేల మార్పులు లెక్కించే మాప్‌బయోమాస్ సంస్థ లెక్క. అదే ఏడాది ప్రోడెస్ అంకె తగ్గింది. రెండూ నిజమే. నరికింది తక్కువ, పొగ ఎక్కువ. చెట్టు నిలబడే ఉంటుంది, కింద చిన్న చెట్లన్నీ మాడి, పెద్దవి రెండు మూడేళ్లలో ఒక్కొక్కటే కూలిపోతాయి. ఫండ్ లెక్కలో ఆ కార్బన్‌కు కాలమ్ లేదు. ఇప్పుడు మేం తయారుచేస్తున్న తనిఖీ పట్టికలో "కాలినా నిలబడిన అడవి" అని ఒక కాలమ్ కలిపాం. హెక్టారుకు ఎంత రాయాలో ఇంకా ఒప్పుకోలేదు. కొలవడానికి వెళ్లిన బృందాలు కాలిన చెట్ల మొదళ్లకు నంబర్ల బిళ్లలు కొట్టి వచ్చాయి. మరుసటి వేసవిలో వెళ్లి వాటిలో ఎన్ని నిలబడి ఉన్నాయో లెక్కపెట్టాలి.